పొట్టేలు కుమ్మిన ఎముక

గామా కెమెరా గురించి నేను మొదట చదివింది కొత్తకోట గ్రంథాలయంలో. పదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ తర్వాత నాకు వచ్చిన చదువంతా ఆ బీరువాల ముందు నిలబడి తెచ్చుకున్నదే. నాయినకు ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ అని తేలింది. అది ఎముకలకు పాకిందేమో చూడాలని హైదరాబాద్ డాక్టరు స్కాన్ రాశాడు. ఆ వారమే నేను వైద్య పరికరాల మీద ఒక పాత పుస్తకం వెతికి పట్టుకున్నాను.

ఎక్స్‌రేలో యంత్రం కిరణాలను పంపుతుంది. ఈ గామా కెమెరా స్కాన్‌లో యంత్రం ఏమీ పంపదు. నరానికి ఎక్కించిన మందు ఎముకల్లో చేరి కిరణాలు విడుస్తుంది, కెమెరా వాటిని పట్టుకుంటుంది. ఎముక దెబ్బతిన్న చోట మందు ఎక్కువగా చేరి బొమ్మలో నల్లగా కనబడుతుంది. జీవితమంతా గొర్రెలు కాసిన నాయినకు ఇది ఎట్లా చెప్పాలా అని ఆలోచించాను.

"చీకట్ల మంద కనబడకున్నా గంటల సప్పుడు విని యాడున్నయో చెప్తవ్ గద నాయిన. గిది గూడ గట్లనే. సూదిమందే గంట. మిషిను ఊకె ఇంటది."

"అంటే నాకు లోపట గంటలు కడతరన్నట్టు," అన్నాడు. "కట్టనీ. మెడకు కట్టకుంటె సాలు."

స్కాన్ అయ్యాక అక్కడి అమ్మాయి ఒక జాగ్రత్త చెప్పింది. మందు ఒంట్లోంచి పోయేదాకా, ఆ రోజంతా, గర్భిణులకూ చంటిపిల్లలకూ దూరంగా ఉండాలని. నాయిన సరేనని తల ఊపాడు. సాయంత్రం ఊరు చేరాక దొడ్డి కంచె దగ్గరే ఆగిపోయాడు. అవి గొర్రెలు ఈనే రోజులు.

"ఏమైంది నాయిన?"

"అన్నీ సూడివే గదరా. గా పిల్ల దూరముండుమన్నది గద. గొర్రెల సంగతి నీ పుస్తకంల ఉన్నదా?"

లేదు. ఆ పుస్తకమంతా మనుషుల గురించే.

మళ్లీ హైదరాబాద్ వెళ్లినప్పుడు డాక్టరు చూపిన బొమ్మలో ఒక పక్కటెముక మీద నల్లచుక్క ఉంది. మిగతాదంతా బాగానే ఉంది. అది రోగమో పాత దెబ్బో ఈ పాత మిషను చెప్పలేదన్నాడు డాక్టరు. నాయిన అంగీ పైకెత్తి చూపించాడు.

"దెబ్బనే సారూ. పోయినేడు పొట్టేలు కుమ్మింది. సర్కారు ఇచ్చిన గొర్లతోని పక్క రాష్ట్రంకెళ్లి వచ్చిన పొట్టేలు. నా మాట దానికి సమజ్ గాలె, దాని మాట నాకు సమజ్ గాలె."

డాక్టరు నవ్వాడు. ఆ చుక్క దెబ్బే అయితే క్యాన్సర్‌ను నయం చేయవచ్చని, రోగం ఎముకలకు పాకి ఉంటే నయం కాదని, కొంతకాలం ఆపగలమని నాకు విడిగా చెప్పాడు. ఆనాటి నుంచి మా ఇంటి ఆశంతా ఆ పొట్టేలు మీదే నిలిచింది. ఏడాదిగా దాన్ని తిట్టిపోసిన అమ్మ ఇప్పుడు చాటలో జొన్నలు పోసి దాని ముందు పెట్టేది.

"నాకన్న దానికే మంచిగ పెడుతున్నవ్," అనేవాడు నాయిన.

"నీకన్న దాని మీదనే నాకు నమ్మకమున్నది."

రెండో స్కాన్‌కు వేరే దవాఖానకు వెళ్లాం. కొత్త మిషను. రెండు కెమెరాలు మనిషి చుట్టూ తిరుగుతాయి, అదే బల్ల మీద సీటీ కూడా తీస్తారు. ఒంటిని పొరలు పొరలుగా చూపిస్తుంది కాబట్టి ఏ చుక్క ఎంత లోతులో ఉందో తెలుస్తుంది. ఇంకా కొత్తవాటిలో కిరణాన్ని నేరుగా విద్యుత్తుగా మార్చే పలకలు వచ్చాయని, వాటికి మందు కూడా తక్కువ చాలునని నేను మిషను నడిపే అబ్బాయితో అన్నాను.

"అన్నా, మీరు గీ లైన్లనే ఉన్నరా?"

"లే తమ్మీ, సదువుకున్న," అన్నాను. లోపల నాయిన కదలకుండా పడుకుని ఉన్నాడు. బయట నేను ఆ మాటకు పొంగిపోయాను.

ఆ మధ్యాహ్నమే బొమ్మలు పట్టుకుని మా డాక్టరు దగ్గరికి వెళ్లాం. "పక్కటెముక పాత దెబ్బనే," అన్నాడు.

నాయిన నా వైపు చూశాడు. "సెప్పిన గద."

డాక్టరు ఈసారి నవ్వలేదు. తెరను మా వైపు తిప్పాడు. వెన్నుపూసల లోపల ఒకదాని కింద ఒకటి చుక్కలు. పాత మిషనుకు ఇవి అందలేదన్నాడు. ఎంత చిన్న చుక్కనైనా పట్టుకునే కెమెరాల గురించి నేను ఎన్ని పేజీలు చదివానో. పట్టుకున్నాక ఏం చేయాలో ఆ పేజీల్లో వెతకాలన్న ఆలోచన నాకు రానేలేదు.

బస్సు జడ్చర్ల దాటింది. అప్పుడు నాయిన, "పాపం, పొట్టేలు అబద్ధమాడలే," అన్నాడు.

మర్నాడు పొద్దున కూడా కంచె బయటే కర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు. దొడ్డి లోపల తమ్ముడు ఈనుతున్న గొర్రెతో తిప్పలు పడుతున్నాడు. మిగతావి నాయిన దిక్కు తిరిగి అరుస్తున్నాయి. రోజూ నాలుకతో టకటకమని పిలిచేవాడు. ఆ రోజు నోరు మెదపలేదు.

"గా మందు ఆరు గంటలకోసారి సగమైతది నాయిన. నిన్నటిది పోయింది. ఇగ లోపటికి పోవచ్చు."

"నాకెర్కేరా."

"మరి?"

"తమ్ముని గొంతు అలవాటు కానియ్యి. నేను పిలిస్తె నా దిక్కే వస్తయ్."

ఒక గొర్రె కంచె దాకా వచ్చి ముట్టె చాపింది. నాయిన ఇంకో అడుగు వెనక్కి జరిగాడు.