బయట గడియ ఉన్న గది

కబురు కువైట్ నుంచి వచ్చింది. మొన్న సోమవారం పొద్దున్న పిల్లలకు చేతులు కడిగిస్తుంటే ఫోన్ మోగింది. చిట్టి వాళ్లమ్మ. ఆమె అక్కడికి ఇంటిపనికి వెళ్లి ఆరేళ్లు దాటింది.

"టీచరుగారండీ, పెద్ద టీచరుగారు పోయేరంటండీ. తెల్లారుజామున నిద్దట్లోనేనంట. మీకు తెలిసే ఉంటాదనుకున్నానండీ."

నాకు తెలియదు. ఆవిడ ఇల్లు అమలాపురంలో, మా ఊరికి బస్సులో గంట దూరం. కబురు మాత్రం సముద్రం దాటి వెళ్లి తిరిగి నా దగ్గరికి వచ్చింది. అవతల చిట్టి వాళ్లమ్మ ఏడుస్తూనే ఉంది. నాలుగేళ్ల కిందట ఇదే ఫోన్లో ఈ మనిషే నన్ను తిట్టని తిట్టు లేదు. ఆ తిట్ల దగ్గర నుంచి ఈ ఏడుపు దాకా మా ఇద్దరినీ నడిపించింది పెద్ద టీచరుగారే. ఆ సంగతి మీకు చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పాలి. ఆవిడ ఉంటే అదే ముందు రాయమనేవారు.

మాది మలికిపురం దగ్గర ఒక పల్లె. తల్లులు రొయ్యల చెరువుల దగ్గరికో, కొబ్బరిపీచు మిల్లుకో పనికి పోతే బడి వయసు రాని పిల్లలను చూసుకోవడానికి ఊళ్లో ఆడవాళ్లే కమిటీగా ఏర్పడి సామాజిక భవనంలో ఆటలబడి పెట్టుకున్నారు. దానికి నేను టీచర్ని. మాకు సాయం చేసే సంస్థ ఒకటి ఏడాదికోసారి ఒక మనిషిని పంపేది. పిల్లలను ఎలా చూస్తున్నారు, పిల్లలు ఏం నేర్చుకుంటున్నారు అని ఆ మనిషి పరిశీలించి రాయాలి. ఆ రాతను బట్టే సాయం. అది ఆగితే బడి మూతే.

అంతకు ముందు వచ్చినవాళ్లు గంటసేపు ఉండి, ఫొటోలు తీసుకుని, కొబ్బరిబొండం తాగి వెళ్లిపోయేవారు. ఆ ఏడు పెద్ద టీచరుగారు వచ్చారు. ప్రాథమిక పాఠశాల హెడ్మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరైనావిడ. చేతిలో పిల్లలు రాసుకునే నోటుపుస్తకం, ఒక పెన్సిలు. పెన్నుతో రాయరేమండీ అంటే, "పెన్నుతో రాస్తే నా మీద నాకే నమ్మకం ఎక్కువైపోతుందమ్మా" అన్నారు. కుర్చీ వేస్తే పక్కకు జరిపి, పిల్లల కళ్లకు తన కళ్లు సమానంగా ఉండేలా చాప మీద కూర్చున్నారు. కాఫీ ఇస్తే వద్దన్నారు. "మీ కాఫీ తాగేసి మీ గురించి రాయలేనమ్మా. పనయ్యాక తాగుతాను." మూడు రోజులు ఉంటానన్నారు.

నాకేమీ భయం వెయ్యలేదు. నా బడి గురించి నాకు అంత గర్వం. గోడల నిండా చార్టులు. మూడేళ్ల పిల్లలు కూడా నెలల పేర్లు గడగడా చెప్పేవారు. వరసగా కూర్చునేవారు. చప్పుడు ఉండేది కాదు. "ఇంట్లో కోతుల్లా ఎగురుతారండీ, మీ దగ్గర ఎంత కుదురుగా ఉంటన్నారో" అని తల్లులు మెచ్చుకునేవారు. ఏ పిల్ల మీదా నేను చెయ్యి ఎత్తలేదు. ఆ మాట నలుగురిలో చెప్పుకునేదాన్ని కూడా.

చెయ్యి ఎత్తే అవసరం ఎందుకు రాలేదో మాత్రం చెప్పేదాన్ని కాదు. భవనంలో ఒక మూల సామాన్ల గది ఉంది. పెళ్లిళ్ల గుండిగలు, టార్పాలిన్లు, విరిగిన కుర్చీలు అందులో పడేసేవారు. కిటికీ లేదు. గడియ బయటే. మాట వినని పిల్లను అందులో పెట్టి, గడియ వేసి, మిగతా పిల్లల చేత యాభై దాకా లెక్కపెట్టించేదాన్ని. లోపలి ఏడుపు ఆ లెక్కలో వినబడేది కాదు. మా పిల్లలకు అంకెలు అంత బాగా వచ్చింది అందుకే.

మొదటి రోజు ఆటల వేళ బంతి దొర్లుకుంటూ వెళ్లి ఆ గది తలుపు దగ్గర ఆగింది. ఒక్క పిల్ల కూడా తేవడానికి కదల్లేదు. పెద్ద టీచరుగారు పెన్సిలు పట్టుకుని అలాగే చూస్తున్నారు. నేనే నవ్వుతూ వెళ్లి తెచ్చాను. ఆవిడ ఏదో రాసుకున్నారు.

రెండో రోజు, నా పిల్లల తెలివి చూపిద్దామని అంకెలు చెప్పించడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు అని అందరూ అందుకున్నారు. ముందు వరసలో చిట్టి ఉంది, నాలుగేళ్ల పిల్ల. నోరు తెరవలేదు. దాని కళ్లు ఆ తలుపు వైపు తిరిగాయి. కాసేపటికి గౌను తడిసి, చాప మీదుగా నీళ్లు పారాయి. పెద్ద టీచరుగారు పుస్తకం కింద పెట్టి లేచారు. నన్ను రానివ్వలేదు. తానే ఎత్తుకెళ్లి కడిగి, వేరే గౌను తొడిగి, ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు. చిట్టి ఆవిడ చీర కుచ్చెళ్లలో మొహం దాచుకుంది.

అన్నాలయ్యి పిల్లలు పడుకున్నాక నన్ను పిలిచారు.

"ఆ గదిలో ఎవర్ని పెడతావమ్మా?"

"ఎవర్నీ లేదండీ. సామాన్లేనండీ."

"ఆయ్." నోటుపుస్తకం పక్కన పెట్టి లేచారు. "అయితే నన్ను పెట్టు."

ఆవిడే వెళ్లి లోపల నిలబడి, తలుపు దగ్గరికి లాక్కున్నారు. లోపలి నుంచి మెల్లగా అన్నారు. "గడియ వెయ్యి. లెక్కపెట్టు. పిల్లలు లేవకుండా, నాకు వినబడేలా."

వేశాను. ఎందుకు వేశానో ఇప్పటికీ తెలియదు. ఆవిడ గొంతులో కోపం లేకపోవడం వల్లనేమో. లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పది దాటేసరికి నా గొంతు నాకే కొత్తగా వినబడింది. లోపల చప్పుడు లేదు. ఇరవై రెండో, ఇరవై మూడో దగ్గర ఆపేశాను. గడియ తీశాను. పెద్ద టీచరుగారు తలుపు వెనక గొంతుక్కూర్చుని ఉన్నారు. చెమటకు కళ్లజోడు ముక్కు మీదకి జారింది. అరచెయ్యి తలుపు కిందిభాగాన ఆనించి ఉంచారు.

"ఇదిగో, ఇక్కడ చిన్న చిన్న వేళ్ల మరకలున్నాయి. నిలబడితే నా మోకాలెత్తు. నువ్వెప్పుడూ చూసి ఉండవు."

ఆ సాయంత్రమే కమిటీ ప్రెసిడెంటు గారికి ఏదో తేడా వచ్చిందని తెలిసిపోయింది. పూతరేకుల పెట్టె పట్టుకుని, పెద్ద టీచరుగారు ఆటో ఎక్కేచోటికి వెళ్లారు. నేనూ వెనకే ఉన్నాను.

"ఈ పాలికి బాగుందని రాసెయ్యండి టీచరుగారూ. బడి మూసేస్తే తల్లులు పనులు మానుకోవాలండీ. ఆ పిల్లలే ఇబ్బంది పడతారండీ."

"ఆయ్, నిజమేనండీ." పెద్ద టీచరుగారు పెట్టె ముట్టుకోలేదు. "నేను బాగుందని రాస్తే మీకు బాగుంటుంది, నాకూ బాగుంటుంది. రేపు ఆ లోపల ఉండేవాళ్ల సంగతేంటండీ?"

ప్రెసిడెంటు గారు నా వైపు చూశారు. లోపల ఉండేవాళ్లంటే ఎవరో ఆవిడకు అప్పటికి తెలియదు. నేను తల దించుకున్నాను.

మూడో రోజు పిల్లలు రాకముందే పెద్ద టీచరుగారు వచ్చి నోటుపుస్తకం నా చేతిలో పెట్టారు. మంచి కూడా రాశారు. తాగేనీళ్ల మీద మూత ఉంటుందని, అన్నం వేడిగా పెడతానని, ఏ పిల్ల ఏ కూర తినదో నాకు గుర్తుంటుందని. ఆ కింద గది గురించి ఉంది. దాని కింద ఇంకో మాట ఉంది. రెండు రోజుల్లో ఏ పిల్లా టీచరును ఏమీ అడగలేదు.

"ఈ వయసులో పిల్లలు ప్రాణం తోడేస్తారమ్మా, అదేంటి ఇదేంటని. మీ పిల్లలు చెప్పమన్నది చెబుతున్నారు. అడగడం మానేసేరు. ఇది నేర్చుకోవడం కాదు." పుస్తకం వెనక్కి తీసుకున్నారు. "సాయంత్రం తల్లులు వస్తారు. నువ్వు చెప్తావా, నన్ను చదవమంటావా?"

ఆ రోజు ఎలా గడిచిందో చెప్పలేను. పారిపోదామనుకున్నాను. ఆవిడ మీద ఒళ్లు మండిపోయింది. ఒక ముసలావిడ రెండు రోజులు కూర్చుని నా బతుకు తీసేస్తోందనుకున్నాను. సాయంత్రం అందరూ వచ్చి కూర్చున్నాక ఆవిడ పుస్తకం తెరవబోయారు. నేను లేచి నిలబడ్డాను.

"ఆ గదిలో పిల్లల్ని పెట్టి గడియ వేసేదాన్నండీ" అన్నాను. ఎవరెవర్ని పెట్టానో పేర్లు చెప్పాను.

చిట్టిని పెంచుతున్న వాళ్ల మామ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "అందుకా అమ్మా? నీళ్లగదిలోకి తీసుకెళ్తే తలుపెయ్యొద్దు మామ్మా, తలుపెయ్యొద్దు మామ్మా అని ఏడుత్తాది. గాలి సోకిందని తాయెత్తు కట్టించేను. నీ దగ్గరికి పంపింది నేనేనమ్మా, రోజూ నా చేత్తో నేనే పంపేను."

నాకు పడాల్సిన తిట్లన్నీ పడ్డాయి. కువైట్ ఫోన్ ఆ పూటే వచ్చింది. నలుగురు తల్లులు పిల్లలను మానిపించారు. నన్ను తీసెయ్యాలని కొందరు పట్టుబట్టారు. పెద్ద టీచరుగారు నన్ను వెనకేసుకు రాలేదు. "తీసేస్తే తీసెయ్యండి. చేసింది చిన్న తప్పు కాదు. ఉంచుతామంటే మాత్రం వారానికో రోజు నేను వచ్చి కూర్చుంటాను. మూడు నెలలు చూడండి" అన్నారు. సంస్థకు పంపిన కాగితంలో అక్షరం మార్చలేదు. అక్కడివాళ్లూ ఆ మూడు నెలలే గడువు ఇచ్చారు.

మర్నాడు నేనే స్క్రూడ్రైవర్ పట్టుకుని ఆ తలుపు ఊడదీశాను. గోడకు కిటికీ పెట్టించమని కమిటీని బతిమాలుకున్నాను. శుక్రవారం శుక్రవారం పెద్ద టీచరుగారు బస్సు దిగి, ఆటో ఎక్కి వచ్చేవారు. పిల్లలకు ఏమీ తెచ్చేవారు కాదు. "తాయిలం తెస్తే నన్ను చూడరమ్మా, సంచిని చూస్తారు." నేను పిల్లలతో మాట్లాడుతుంటే వెనక నుంచి వినేవారు. ఏదైనా అడిగి, జవాబు రాకపోతే నేనే చెప్పేసేదాన్ని. "అడిగేక ఆగు" అనేవారు. "మాట వెతుక్కోనీ. నీకు తొందర, దానికి లేదు." పది సార్లు చెప్పించుకుని ఉంటాను.

చిట్టి రాలేదు. నేను వాళ్లింటికి వెళితే మామ్మ తలుపు తియ్యలేదు. చిట్టి వాళ్లమ్మతో కువైట్‌కి మాట్లాడింది పెద్ద టీచరుగారే. నా తరఫున కాదు. చిట్టి ఇంట్లో ఎలా ఉంటోందో, ఏం చెయ్యాలో చెప్పడానికి. రెండు నెలల తర్వాత ఒక శుక్రవారం పొద్దున్న మామ్మ చిట్టిని గేటు దాకా తీసుకొచ్చింది. చిట్టి గేటు ఊచ పట్టుకుని ఉండిపోయింది. నేను పరుగెత్తబోయాను. పెద్ద టీచరుగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"పిలవకు. పిలిస్తే నీకోసం వస్తుంది. తనకోసం రానీ."

అలా ఎన్నో రోజులు. గేటు దాకా రావడం, చూడటం, వెళ్లిపోవడం. గడువు దగ్గర పడుతోంది. ఆ పిల్ల రాకపోతే మిగతావాళ్లూ రారని ప్రెసిడెంటు గారు రోజూ అనేవారు. ఇంకో శుక్రవారం మామ్మ వేలు వదిలి చిట్టి లోపలికి వచ్చింది. నా వైపు చూడలేదు. తిన్నగా ఆ గది ముందుకు వెళ్లి నిలబడింది. తలుపు లేదు. కొత్త కిటికీలోంచి వెలుతురు పడుతోంది. సామాన్లన్నీ తీసేసి అక్కడ ఇసుక పోయించాం.

చాలాసేపు చూసి, వెనక్కి తిరక్కుండానే అడిగింది. "తలుపేది?"

"నేనే తీసేశానమ్మా" అన్నాను.

"మళ్లీ పెడతావా?"

పెద్ద టీచరుగారు ఇటు చూడలేదు. జవాబు నేనే చెప్పాలి. "పెట్టను" అన్నాను. చిట్టి ఇసుకలోకి ఒక కాలు పెట్టింది.

సాయం కొనసాగింది. మానిపించిన నలుగురిలో ముగ్గురు తిరిగి వచ్చారు. ఒకామె ఈనాటికీ నాతో మాట్లాడదు. రెండోసారి పరిశీలించినప్పుడు కూడా పెద్ద టీచరుగారు నన్ను పొగడలేదు. నిద్ర రాని పిల్లలను బలవంతంగా పడుకోబెడుతున్నానని రాశారు. కాఫీ మాత్రం తాగారు. పంచదార తక్కువైందన్నారు.

ఆ రోజే అడిగాను, నన్ను క్షమించారా అండీ అని.

"నన్నడుగుతావేంటి? నేను కావాలని వెళ్లేను లోపలికి. కావాలని వెళ్లనివాళ్లని అడుగు."

మూడో క్లాసుకు వచ్చాక చిట్టిని అడిగాను. "నాకు గుర్తులేదు టీచర్" అని మొహం తిప్పుకుంది. అంతకంటే నాకు దక్కలేదు.

కిందటేడు మోకాళ్లు పట్టేసి పెద్ద టీచరుగారు రావడం మానేశాక, అమలాపురంలో ఆవిడ ఇంటికి వెళ్లాను. మాటల్లో ఉన్నట్టుండి అన్నారు. "ముప్పై ఏళ్లు పైనే పాఠం చెప్పేనమ్మా. నా క్లాసులో వెనక కూర్చుని నన్ను ఎవరూ చూడలేదు. చూసుంటే బాగుండేది." ఇంకేం చెబుతారోనని ఆగాను. ఆవిడ కిటికీలోంచి వీధి వైపు చూస్తూ ఉండిపోయారు.

భూస్థాపన మంగళవారం పొద్దున్న జరిగింది. మా వైపు నుంచి ఆటల బళ్ల టీచర్లం పదిమంది దాకా వెళ్లాం. ప్రార్థన అయ్యింది, అందరూ తలా గుప్పెడు మట్టి వేశారు. ఆవిడ మనవడి కూతురు ఉంది, మూడేళ్లుంటాయేమో. సమాధి అంచున కూర్చుని తడిమట్టి తీసి, అరచేతిలో గుండ్రంగా తట్టి, ఇడ్లీలు పెట్టడం మొదలుపెట్టింది. ఎవరో లేపబోయారు. పెద్ద టీచరుగారి కొడుకు వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టారు. పాస్టరు గారు పుస్తకం మూసి నిలబడ్డారు. ఎండ ఎక్కుతోంది. ఎవరూ కదల్లేదు. ఆ పాప ఒక ఇడ్లీ పెట్టి, చెయ్యి పొట్టకు తుడుచుకుని, ఇంకో గుప్పెడు మట్టి తీసుకుంది.