చేపలకు తెల్లమచ్చలు వచ్చిన చలికాలం

మన్యం కొండల్లోని ముంచింగిపుట్టులో టీచరుగా చేరాక అమ్మని నా దగ్గరికే తెచ్చుకున్నాను. మోకాళ్ళ నొప్పితో ఆదివారం చర్చికి తప్ప గడప దాటేది కాదు. కాలక్షేపంగా ఉంటుందని విశాఖ నుంచి చిన్న అక్వేరియం తెచ్చి ముందుగదిలో పెట్టాను. అందులో గప్పీలు, మోలీలు, కాసిని నీటి మొక్కలు.

“ఏటిది? కూరకి పనికిరాని సేపలెందుకే?” అంది అమ్మ. వారం తిరక్కుండానే కుర్చీ దాని పక్కకి లాక్కుంది.

డిసెంబరులో ఇంకో జత మోలీలు తెచ్చి అందులోనే వదిలాను. ఒకరోజు స్కూలు నుంచి వచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది.

“బేగి రా. సేపలు రాళ్ళకి ఒళ్ళు రుద్దుకుంటన్నాయి. ఒంటిమీద రవ్వ జల్లినట్టుంది.”

చేపలు అమ్మిన దుకాణదారుకి ఫోన్ చేశాను. అది తెల్లమచ్చల జబ్బు, కొత్త చేపలతో వచ్చుంటుంది, చలికి ముదిరింది అన్నాడు. హీటరు బస్సులో పంపించాడు. వేడి కొద్దికొద్దిగా పెంచమన్నాడు, కాస్త కల్లుప్పు కరిగించి పొయ్యమన్నాడు. మొక్కలు ఉప్పుకి ఆగవంటే వాటిని తీసి వరండాలో బకెట్లో పెట్టాను.

మచ్చలు తగ్గుతున్నాయనగా, తీగల మీద చెట్టుకొమ్మ పడి ఊరంతా కరెంటు పోయింది. హీటరూ, నీళ్ళలోకి గాలి కొట్టే పంపూ ఆగిపోయాయి. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే అక్వేరియం చుట్టూ అమ్మ కంబళి చుట్టి ఉంది. అమ్మేమో గ్లాసుతో నీళ్ళు తీసి పైనుంచి మళ్ళీ అందులోకే పోస్తోంది.

“గాలాడొద్దా మరి?”

“నీకు చలెయ్యదా అమ్మా?”

“నాకు పొయ్యుంది. ఆటికేటుంది?”

గ్లాసు అందుకుని కరెంటు వచ్చేదాకా నేను పోశాను.

అయినా ఒక మోలీ, ఒక గప్పీ చచ్చిపోయాయి. వాటిని పెరట్లో పాతిపెడుతుంటే అమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. చేపకి ప్రార్థనేంటని నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాను. మిగతావి తేరుకున్నాయి. మచ్చలు పోయాక కూడా కొన్నాళ్ళు వేడి తగ్గించలేదు.

బకెట్లో మొక్కల ఆకులు మాత్రం జిగురైపోయాయి. పారబోయబోతే అమ్మ ఒకటి తీసి వేరు నొక్కి చూసింది. గట్టిగానే ఉంది. కుళ్ళిన ఆకులు కత్తిరించాం. అక్వేరియంలో రోజూ కొంచెం నీళ్ళు మార్చి ఉప్పు తగ్గించాక మళ్ళీ అందులో నాటాం. చాలా రోజులు మోడుల్లా ఉండి, ఎండలు ముదిరే వేళకి చిగుళ్ళు వేశాయి.

ఇప్పుడు కొత్త చేప ఏది తెచ్చినా కొన్ని వారాలు వంటింట్లో విడిగా టబ్బులో ఉండాల్సిందే. అమ్మ రోజూ దాన్ని పరీక్షగా చూస్తుంది. ఆమె సరేనంటేనే ముందుగదిలోకి.