పండగకు చీర పెట్టని అమ్మ

ఈ వారం మా పై వాటాలోకి కొత్తవాళ్ళు దిగారు. పొద్దున్నే మెట్ల మీదుగా కాఫీ డికాషన్ వాసన కిందికి వస్తోంది. మా శాలిబండ గల్లీలో అందరిదీ చాయే. ఈ వాసన నేను ఇంతకుముందు ఒక్క ఇంట్లోనే పీల్చాను, రాజ్యలక్ష్మమ్మగారింట్లో. ఆమె గురించి రాయాలని ఎన్నాళ్ళుగానో ఉంది. యాభై దాటాక గానీ నాకు అక్షరాలు రాలేదు. వచ్చాక కూడా చెయ్యి ఆడలేదు. ఆమె మీద నాకున్నది కృతజ్ఞతో కోపమో తేలక మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయేదాన్ని. ఇప్పటికీ తేలలేదు. కానీ రేపు మా కోడలు స్వప్న మొదటిసారి ఉద్యోగానికి వెళుతోంది, చాంద్రాయణగుట్టలో ఒక కళ్ళద్దాల దుకాణానికి. ఆ పిల్లకు ఏదైనా ఇవ్వాలని ఉంది. ఇంటికొచ్చి రెండేళ్ళయినా నన్ను నోరు తెరిచి ఏదీ అడగలేదు. ఏం ఇస్తే తనకు ఇచ్చినట్టవుతుందో నాకు తెలియడం లేదు. ఇవ్వడం అనగానే ఆమే గుర్తొస్తుంది.

ఆమె గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ ప్రభుత్వ ఆఫీసులో పనిచేసేది. ఒంటరి మనిషి. నేను ఆమె ఇంట్లో గిన్నెలు తోమి, ఇల్లు ఊడ్చేదాన్ని. బతుకమ్మ పండగ వస్తే పని చేసే ఇళ్ళన్నీ చీర పెడతాయి. ఆ చీర కట్టుకునే మేము బతుకమ్మ ఆడతాం. మొదటి పండగకు ఆమె నన్ను పిలిచి కుర్చీ చూపించింది.

“ఈ పూట నువ్వు కూర్చో నర్సమ్మా. వంటా, గిన్నెలూ నేను చూసుకుంటాను. ఇదే నా పండగ కానుక.”

నా పని పోయిందనుకున్నాను. “ఇంకెవర్నన్న పెట్టుకున్నరా అమ్మా?” అన్నాను.

“ఎవర్ని?”

“పనికి. నేనేం తప్పు చేసిన?”

ఆమె పడీ పడీ నవ్వింది. నేను ఏడుస్తూనే ఆమె వడ్డించిన పప్పన్నం తిన్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె తోమిన గిన్నెలకు సబ్బు అంటుకునే ఉంది. లేచి కడగబోతే కసిరి మళ్ళీ కూర్చోబెట్టింది.

ఇంటికి వస్తుంటే పక్కింటి యాదమ్మ ఆపింది. “ఏం పెట్టిందే మీ ఆంధ్రమ్మ?”

“అన్నం పెట్టింది.”

“మరి ఇయ్యాల అన్నం కట్టుకొని ఆడుతవా బతుకమ్మ?”

ఆడవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం పాత చీరతో ఆడుతూ, మధ్యాహ్నం ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు నా నడుముకు దొరికిన హాయి కూడా గుర్తు చేసుకున్నాను. ఏది పెద్దదో అప్పుడూ తెలియలేదు.

మరుసటి ఏడు నన్ను చార్మినార్ పైకి తీసుకెళ్ళింది. “ఇక్కడే పుట్టి ఇన్నేళ్ళూ ఎక్కలేదా?” అని ఆశ్చర్యపోయింది. ఆ పక్కనుంచి రోజూ నడిచేదాన్నే, ఎక్కాలని ఎన్నడూ అనుకోలేదు. పైనుంచి చూస్తే మా గల్లీ ఎక్కడుందో నాకే దొరకలేదు. అన్నీ డాబాలు, నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన బట్టలు. కింద దుకాణాల బోర్డులు చూపించి ఏం రాసుందని అడిగితే ఆమె ఒక్కొక్కటీ చదివి చెప్పింది. చదవడం అయ్యాక నా వైపు కాసేపు చూసింది. “వచ్చే పండగకి ఇవి నువ్వే చదువుదువుగాని” అంది. ఆ రోజు నుంచి సాయంత్రం గిన్నెలు అయ్యాక, ఆఫీసు నుంచి అలసి వచ్చిన మనిషి, పాత క్యాలెండరు కాగితాల వెనక నాతో అక్షరాలు దిద్దించింది. పలక కూడా కొనలేదు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. “అందరు చీర పెడ్తరు అమ్మా. మీరెందుకు పెట్టరు?”

ఆమె బీరువా తలుపు తీసి చూపించింది. “మా వాళ్ళు పెట్టినవే ఇంకా మడత విప్పలేదు. చీరలు కొనడం, బీరువాలో పెట్టడం. ఇదేనా పండగంటే?”

“మీ బీరువ నిండింది అమ్మా. నాకు బీరువనే లేదు” అన్నాను.

ఆమె తలుపు మూసి, ఆ రోజు పాఠం మామూలుగానే చెప్పింది. ఆ మాట ఆమెకు తగిలిందో లేదో నాకు ఎప్పటికీ తెలియదు. ఆ తర్వాత కూడా చీర రాలేదు, పాఠం ఆగలేదు. ఆమె పోయిన రోజు గోడకు అంటించిన శ్రద్ధాంజలి కాగితం మీద ఆమె పేరు కూడబలుక్కుని చదివింది నేనే. అన్నేళ్ళలో ఆమె నా కోసం ఎంతో ఆలోచించింది. నీకేం కావాలి అని మాత్రం ఒక్కసారీ అడగలేదు. అడిగి ఉంటే చీర అనేదాన్ని. అప్పుడు ఈ అక్షరాలు ఉండేవి కావేమో. అందుకే నాకు తేలదు.

ఇక్కడిదాకా నిన్న రాశాను. ఈ పొద్దున స్వప్న తల దువ్వుకుంటుంటే వెళ్ళి వెనక నిలబడ్డాను.

“మొదటి రోజు గదనే. నీకేం కావాలె, చెప్పు.”

“ఏమొద్దు అత్తా.”

“వద్దనకు. చెప్పు.”

దువ్వెన ఆగింది. “నీ ఆకుపచ్చ నేత చీర ఇస్తవా? ఇయ్యాల్టికే. నావన్ని పెండ్లి చీరలు, దుకాణంల మెరుస్తయ్.”

“అది పాతదే. రంగు గూడ పోయింది.”

“పోనీ. నువ్వది కట్టుకొని మహిళా సంఘం మీటింగుల మాట్లాడుతుంటే చూసిన. ఎవ్వరికి భయపడనట్టుంటవు. నాకు రాత్రి నుంచి ఒకటే భయం అత్తా.”

పెట్టె తెరిచి చీర తెచ్చాను. “పొద్దుగూకంగనే ఇచ్చేస్త” అంది. “ఇస్తే ఇయ్యి, లేకుంటే లేదు” అన్నాను. నేను ఇచ్చింది కానుకో బదులో నాకే అర్థం కాలేదు. తను చుట్టుకుంటుంటే నేల మీద మోకాళ్ళూని, కుచ్చిళ్ళు ఒక్కొక్కటీ గోటితో నొక్కి సర్దాను. స్వప్న “ఇగ పోయొస్త అత్తా” అనేదాకా అంచు పట్టుకునే ఉన్నాను.