సుగుణ టీచర్ చెప్పిన టంబుల్

నిన్న సాయంత్రం పెరట్లో గజ్జెల చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. పాలు పొయ్యి మీదే వదిలేసి పరుగెత్తాను. పాప నాచు పట్టిన గచ్చు మీద బోర్లా పడి ఉంది. గడ్డం చీరుకుపోయింది. స్కూలు వార్షికోత్సవానికి థింసా ప్రాక్టీసట. "ఇంక డాన్సూ వద్దు, ఏమీ వద్దు. రేపే నీ పేరు తీయించేస్తాను" అన్నాను. ఏడుస్తూనే పడుకుంది. దాని తమ్ముడు కూడా నా మీద అలిగి దాని పక్కనే ముడుచుకున్నాడు. వాళ్లు నిద్రపోయినా, దాని గడ్డానికి అద్దిన పసుపు వాసన నా వేళ్లను వదల్లేదు. ఆ వాసనకే సుగుణ టీచర్ గుర్తుకొచ్చారు.

తొంభైలలో నేను అరకులో హాస్టల్లో ఉండి చదువుకున్నాను. టీచర్ విజయనగరం వైపు మనిషి, మాకు ఇంగ్లీషు చెప్పేవారు. ఒకసారి థింసా ఆడుతూ పడి మోకాలు కొట్టుకుపోయింది. మర్నాడు వరుసలోకి రానని మొండికేసి క్లాసులోనే కూర్చున్నాను. టీచర్ నా మోకాలికి పసుపు అద్దుతూ, "టంబుల్ అంటే ఏటే, గుంటా?" అన్నారు.

"పడిపోవడం."

"అది ఇప్పుడు. వెయ్యేళ్ల కిందట ఆ మాటకి ఆడటమనే అర్థం. గెంతి, పిల్లిమొగ్గలేసి ఆడేవారట. ఆ దేశాల పాత చర్చిల బొమ్మల్లో రాజుగారి ముందు ఆడే పిల్ల చేతుల మీద నిలబడి ఉంటది, కాళ్లు పైకి! పడటమన్నది తరవాతొచ్చింది."

"వాళ్లకి దెబ్బలు తగల్లేదా టీచర్?"

"తగలకేం? రా, సూద్దాం."

కొంగు బిగించి మైదానంలోకి వచ్చేశారు. థింసాలో ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని ఆడతారు. ఆవిడకి అడుగు తెలియదు. కాసేపటికే కాలు మడతపడింది. ఇటు నా చేయి, అటు పెదబయలు నుంచి వచ్చిన నా స్నేహితురాలు కాసులమ్మ చేయి ఆవిడ బరువుకు బిగుసుకున్నాయి. వరుస మొత్తం వంగి, మళ్లీ లేచింది. డప్పు ఆగలేదు.

"బేగి కాలెత్తండి టీచరమ్మా, మమ్మల్నీ పడేత్తన్నారు!" అని కాసులమ్మ అరిస్తే అందరికంటే ఎక్కువ నవ్వింది టీచరే.

మరుసటి ఏడు బదిలీ మీద వెళ్లిపోయారు. ఘాట్ రోడ్డు మలుపు దాకా బస్సు కిటికీలోంచి చేయి ఊపుతూనే ఉన్నారు. ఇప్పుడెక్కడున్నారో తెలియదు. ఆవిడ బరువు మాత్రం నా మోచేతికి ఇంకా తెలుస్తూనే ఉంటుంది. రాత్రి పాప గడ్డం చూస్తూ కూర్చున్నప్పుడు ఒక సంగతి తట్టింది. నిన్న అది ఆడింది థింసా. ఆడింది ఒక్కర్తే. దాని వీపు వెనక ఏ చేయీ లేదు.

పొద్దున్నే గచ్చు మీద నాచు గీకేశాను. ఎండ వచ్చాక ఇద్దర్నీ పిలిచాను. "పేరు తీయించనులే తల్లీ. ఒరే, నువ్వు అటు నిలబడి అక్క వీపు వెనక చేయి వెయ్యి. నేను ఇటు పట్టుకుంటాను. ఎవరి కాలు జారినా సరే, చేయి మాత్రం వదలకండి."