మిక్సీ ఆగినందుకు స్తోత్రం

గురువారం పొద్దున పల్లీల చట్నీకి మిక్సీ వేశాను. ఆ చప్పుడు మొదలైతే మా పాప తన మణికట్టును తానే కొరుక్కుంటుంది. ఏడేళ్ల పిల్ల, ఆటిజం, ఇంతవరకు మాట రాలేదు. అందుకే రోజూ తను లేవకముందే రుబ్బేస్తాను. ఆ రోజు ఆలస్యమైంది. పాప లోపలి గదిలోంచి వచ్చింది. చేతిలో ఎర్ర కార్డు. దాన్ని అదురుతున్న మిక్సీ మూత మీద పెట్టి నిలబడింది.

ఆ కార్డు సుబేదారిలోని సెంటర్‌లో పాపకు థెరపీ చేసే మేడం ఇచ్చింది. 'ఆపండి' అని నోటితో చెప్పలేని పిల్ల, చేయి కొరుక్కునే బదులు ఆ కార్డు ఇవ్వాలి. ఐదు నెలలుగా మా ఇల్లున్న మట్టెవాడ నుంచి వారానికి మూడుసార్లు ఆటోలో వెళ్లి నేర్చుకుంటున్నది అదొక్కటే. అక్కడ ప్రతిసారీ పాప చేయి పట్టుకొని ఇప్పించాల్సిందే. ఇంట్లో తనంతట తాను ఎన్నడూ ఇవ్వలేదు.

మిక్సీ ఆపాను. పాప వచ్చిన దారినే వెళ్లిపోయింది. మణికట్టు మీద కొత్త గాటు లేదు. నేను పొయ్యి గట్టు ముందే మోకరించాను.

తినేటప్పుడు మా ఆయన, "ఇదేంది, పల్లీలు పంటికింద తగులుతానయి?" అన్నాడు. జరిగింది చెప్పాను.

"మాట్లాడిందా?"

"లేదు."

"సరే, జర ఉప్పు ఇటియ్యి."

ఆయన చెడ్డవాడు కాదు. ఎదురుచూసి ఎదురుచూసి ఆయన చెవులు ఆ ఒక్కదానికే తెరుచుకొని ఉన్నాయి.

మా సంఘంలో ఆదివారం పాటల తర్వాత సాక్ష్యాలు చెబుతారు. ఆ వారం దేవుడు చేసిన మేలును లేచి చెప్పాలి. రోగం తగ్గినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు చెబితే అందరూ 'స్తోత్రం' అంటారు. పొందిన మేలును దాచుకోవడం దొంగతనమేనని నాకు చిన్నప్పుడే సండేస్కూల్లో నేర్పారు. అయినా మూడేళ్లుగా నేను లేచింది లేదు. స్పీకర్ల మోతకు పాప లోపల ఉండలేదు. నేనూ మా ఆయనా వంతులవారీగా తనతో బయట చెప్పుల దగ్గర కూర్చుంటాం. ఆ ఆదివారం లోపల ఉండే వంతు నాది. ఒక్కసారైనా నా మేలుకు కూడా సంఘం స్తోత్రం అంటే వినాలని ఆశ. లేచాను.

"మా పాప మిక్సీ ఆపమని తనంతట తనే కార్డు ఇచ్చింది. చెయ్యి కొరుక్కోలేదు," అన్నాను.

అందరూ తలలు నావైపు తిప్పారు. ఇంకా చెబుతాననుకున్నారు. వెనక కూర్చున్న ఒక పెద్దమ్మ నా కొంగు లాగింది. "మాట వచ్చిందా బిడ్డా?"

"లేదు పెద్దమ్మా."

"మరి గింత దానికే లేచినవా! నేనింక అమ్మా అని పిలిచిందేమో అనుకున్న."

పక్కవాళ్లు నవ్వారు, ప్రేమగానే. పాస్టరయ్య మైకు అందుకున్నారు. "అధైర్యపడకు తల్లీ. మాట కూడా వస్తది. అందరం చేతులెత్తుదాం."

నేను అధైర్యపడి లేవలేదు, సంతోషంతో లేచాను. ఆ మాట అనేలోపే చుట్టూ ప్రార్థన మొదలైంది. నా తల మీద ఎన్ని చేతులో. వాళ్లు నిజంగానే ఏడ్చారు. మూగవాళ్లు మాట్లాడిన లేఖనాలు నాకూ కంఠతా వచ్చు, నమ్ముతాను కూడా. కానీ అన్ని చేతుల కింద గురువారాన్ని పట్టుకొని నిలబడింది నేనొక్కదాన్నే.

సోమవారం థెరపీ మేడంకి చెప్పాను. ఆమెకు పాతికేళ్లు కూడా ఉండవు.

"మీరు కార్డు చూపించారా, తనే తెచ్చిందా?"

"తనే తెచ్చింది."

"వెంటనే ఆపారా?"

"వెంటనే ఆపిన."

ఆమె కుర్చీ నా ముందుకు జరుపుకొంది. "అమ్మా, మళ్లీ మొదటి నుంచి చెప్పండి."

చెప్పాను. ఆ అమ్మాయి ఏ దేవుడికి మొక్కుతుందో నాకు తెలియదు. ఇది సంఘంలో మావాళ్ల మధ్య చెప్పుకోవాల్సిన మాట కదా అని, చెబుతున్నంతసేపూ అనిపిస్తూనే ఉంది.