పక్క కుర్చీ మోజెల్ పాట

నాష్‌విల్‌లోని ఆ ఇన్సూరెన్స్ ఆఫీసులో రేడియో పెట్టగానే మోజెల్ రాసిన పాటే వచ్చింది. మొన్న మొన్నటిదాకా ఎర్లీన్ పక్క కుర్చీలో టైపు కొట్టిన మోజెల్! టైపిస్టులంతా గొంతు కలిపారు. ఎర్లీన్ మాత్రం కళ్లల్లో నిప్పులు పోసుకుంది.

"వరసకో తప్పు కొట్టేది, దానికి ఈ యోగమా! ఆ పాటలో మేనేజరుకి కాఫీ కలపడం, జీతం పెంచమంటే ఆయన నవ్వడం, అవన్నీ నా మాటలేనే! భోజనాల దగ్గర నేను తిట్టిన తిట్లకే అది రాగం కట్టింది."

"మరి నీ పేరు వెయ్యలేదేం?" అంది పెద్దావిడ వెర్లీ. "పాట రాసేవాళ్ల పక్కన కూర్చుని ఒక్క మాట అందించినా ఈ ఊళ్లో పేరు వేస్తారు గదా."

ఎర్లీన్ గబగబా మిషన్లోకి కాగితం ఎక్కించింది. మోజెల్ వేస్తాననే అంది. మేనేజరు చూస్తే కొంప మునుగుతుందని, కాళ్లావేళ్లా పడి తన పేరు కొట్టేయించుకుంది ఎర్లీనే.

అంతలో మేనేజరు అదే పాట ఈల వేసుకుంటూ వచ్చి, ఖాళీ కప్పు ఎర్లీన్ బల్ల మీద పెట్టాడు.

"ఎంత బాగా రాసిందమ్మా మన మోజెల్!" అన్నాడు. "చక్కెర రెండు చెంచాలు."