ఉతికిన ట్రేసింగు గుడ్డ

1993 జూన్‌లో నన్ను విజయనగరం నుంచి రాయగడకు హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌గా వేశారు. కొరాపుట్ వైపు కొండల్లో కొత్త రైలు లైను పని ముగింపుకొస్తున్న రోజులవి. కట్టిన ప్రతి వంతెననూ మళ్లీ కొలిచి, ఆ కొలతలతో ఆఖరి నక్షా తయారుచేసి రికార్డులో పెట్టాలి. అది మా గది పని. నా కింద ఇద్దరు డ్రాఫ్ట్స్‌మన్లు, వాళ్ల కింద ఒక ట్రేసర్. డ్రాఫ్ట్స్‌మన్ కాగితం మీద పెన్సిలుతో గీసినదానిపై ట్రేసర్ పల్చటి ట్రేసింగు గుడ్డ పరిచి సిరాతో ఎత్తి గీస్తుంది. హోదాల్లో అదే అట్టడుగు మెట్టు. గీత వంకరపోతే నాకు అన్నం సహించదు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు, ఇంట్లో ఇంకా బాగా తెలుసు.

ట్రేసర్ పేరు పైడితల్లి, పంతొమ్మిదేళ్ల పిల్ల. తండ్రిది పార్వతీపురం దగ్గర పల్లె. లైను మీద పనిచేస్తూ వానల్లో కొండచరియ విరిగిపడి పోయాడు. అందుకు కారుణ్యం కింద కూతురికి ఇచ్చిన తాత్కాలిక ఉద్యోగమిది. రెండేళ్లు మచ్చ లేకుండా చేస్తే ఖాయం చేస్తారు, ఈలోపు ఎప్పుడైనా నోటీసిచ్చి పంపేయవచ్చు. తల్లి అప్పయ్యమ్మ సంతలో బొరుగులు అమ్మేది. కూలీల రేకుషెడ్డులో పెరిగిన ఈ పిల్ల బొగ్గుతో రేకుల మీద బొమ్మలు గీసేదట. వానకు కొట్టుకుపోతే మళ్లీ గీసేదట. సెలవుల్లో కంకర మోస్తూ ఒడియా బడిలో పదో తరగతి దాకా చదివింది. ఆమె ఎత్తిన మొదటి నక్షా చూసి "పర్వాలేదు" అన్నాను. నా నోట అంతకంటే పెద్ద మెప్పు ఎవరూ వినలేదు.

ట్రేసింగు గుడ్డ నిజానికి గంజి పెట్టి నునుపు చేసిన సన్నటి నూలుబట్ట. నక్షా మారితే పాత గుడ్డ మూలన "రద్దు" ముద్ర వేసి, సంతకం చేసి, జాబితా రాసి తగలబెట్టాలి. అలా ఎవరూ తగలబెట్టేవారు కాదు. సోడా వేసి మరిగిస్తే గంజీ సిరా రెండూ పోయి పాలమీగడలాంటి బట్ట మిగులుతుంది. డ్రాయింగు ఆఫీసు వాళ్ల ఇళ్లలో పసిపిల్లలకు మొదటి చొక్కా దాంతోనే కుట్టేవారు. నా పిల్లలిద్దరూ వంతెనల నక్షాలు తొడుక్కునే పెరిగారు. పైడితల్లి మాత్రం తన వాటా గుడ్డను వెదురుబద్దలకు బిగించి దానిమీద రంగులు వేసేది. అందరూ ఆటపట్టించేవారు, ఆమె నవ్వి ఊరుకునేది.

మరుసటి ఏడాది వానాకాలంలో ఒక శనివారం రద్దు గుడ్డలు పంచాను. ఊరికి వెళ్లే బండి టైమైపోతోంది. ఒక్కొక్క గుడ్డ విప్పి చూసి ముద్ర వేయాల్సినవాణ్ణి, చుట్ట పైగుడ్డకు మాత్రం ముద్ర కొట్టి, చుట్టను అలాగే పైడితల్లి చేతిలో పెట్టాను. పది రోజులకు వరద ఒక వంతెన స్తంభం చుట్టూ మట్టిని కోసేసింది. పునాది ఎంత లోతుందో చూడాలి, నక్షా వెంటనే పంపమని పైనుంచి తంతి వచ్చింది. బీరువాలన్నీ వెతికాం. ఎక్కడా లేదు. పైడితల్లి ఇంటికి వెళ్లి, వెదురుబద్దలతో సహా ఒక గుడ్డ తెచ్చి నా బల్లమీద పెట్టింది.

"సార్, ఇదేనేమో. మొన్న మీరిచ్చిన చుట్టలోది, ఉతికేసేను" అంది.

దానిమీద నెత్తిన కంకర తట్టలతో నడిచే ఆడవాళ్లు సగం రంగులో ఉన్నారు. బాగుంది. ఆ క్షణంలో బాగుందని తోచినందుకు నామీద నాకే కోపం వచ్చింది.

సైటు ఇన్‌స్పెక్టరు దగ్గర పాత ప్రింటు ఒకటి దొరకడంతో పని ఆగలేదు. దాన్ని చూసి పైడితల్లి ఒక్క రోజులో మళ్లీ ఎత్తింది. కానీ రికార్డు నాశనమైంది కనుక ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. మా అసిస్టెంటు ఇంజినీరు ట్రేసర్ నుంచి సంజాయిషీ అడిగారు. ఆమె రెండే ముక్కలు రాసింది: గుడ్డ నా వాటాకు వచ్చింది, నేను ఉతికాను. ఎవరిచ్చారో రాయలేదు. దానికింద నా అభిప్రాయం రాసి పైకి పంపాలి. ఆ కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాను. చీఫ్ డ్రాఫ్ట్స్‌మన్ ప్రమోషన్ జాబితాలో నా పేరు ముందుంది.

మూడో రోజు సాయంత్రం అప్పయ్యమ్మ మా క్వార్టరుకు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది.

"బాబూ, మా అమ్మికి ఆ బొమ్మలంటే పిచ్చి. తప్పు సేసింది, తిట్టండి, కొట్టండి. ఉజ్జోగం మాత్రం తీసీకండి. ఆళ్లయ్య పేనం పోతే వచ్చిన ఉజ్జోగం అది" అంది.

"నీ కూతురి తప్పేం లేదు" అన్నాను.

"మరేటి బాబూ, సంజాయిసీ అడిగేరంట?"

సిగ్గుతో తలెత్తలేకపోయాను. మా ఆవిడ ఆమెకు టీ ఇచ్చి పంపింది. నాకు మాత్రం ఆ పూట ఇవ్వలేదు.

మర్నాడు ఆఫీసు తెరవగానే రాశాను: ముద్ర వేయకుండా గుడ్డ ఇచ్చింది నేనే, ట్రేసర్‌కు సంబంధం లేదు. నా సర్వీసు పుస్తకంలో మందలింపు ఎక్కింది. ప్రమోషన్ రెండేళ్లు వెనక్కి పోయింది. పైడితల్లి ఉద్యోగం గడువుకే ఖాయమైంది. ఇకమీదట గుడ్డలు నా ఎదుటే తగలబెట్టాలని ఆర్డరు కూడా వచ్చింది. ఆమె సంతలో కోరా బట్ట కొనుక్కుని, తనే గంజి పెట్టి, రంగులు వేయడం సాగించింది.

2003లో విశాఖపట్నంలో ఒక హాలువాళ్లు ఆమె బొమ్మలు ప్రదర్శనకు పెడతామన్నారు. ప్రభుత్వ ఉద్యోగి కనుక శాఖ అనుమతి కావాలి. దరఖాస్తు నా ద్వారానే వెళ్లాలి, వచ్చిన గంటలోనే సిఫారసు చేసి పంపాను. ప్రారంభం నాడు నేనూ మా ఆవిడా వెళ్లాం. ముప్పై బొమ్మలు. అన్నిటా రేకుషెడ్లు, కంకర తట్టలు, వాన. అప్పయ్యమ్మ కొత్త చీర కట్టుకుని కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్లందరినీ కాఫీ తాగమంటోంది. నాకు గర్వంగానే అనిపించింది.

జనం పలచబడ్డాక పైడితల్లి నా దగ్గరకు వచ్చింది.

"ఒకటి అడగనా సార్? అప్పుడు మూడ్రోజులు ఎందుకాగేరు?"

కోపంగా అడగలేదు. తొమ్మిదేళ్లుగా తెలుసుకోవాలనుకున్నట్టు అడిగింది.

"భయపడ్డానమ్మా" అన్నాను.

"నానూ అలాగే అనుకున్నాను" అంది, వెళ్లి ఎవరికో బొమ్మ చూపించసాగింది.

నక్షా కుడిమూలన మూడు గళ్లుంటాయి: గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. ట్రేసర్ ఎక్కడ తప్పినా, రెండో గడిలో సంతకం పడ్డాక ఆ తప్పు సరిచూసినవాడిది. ఈ నియమాన్ని ఇరవై ఏళ్లు కొత్తవాళ్లకు నేర్పాను. నా విషయంలో దాన్ని పాటించడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఆ తప్పును ఆమె ఒక్కతే మోసింది.